చెల్లెలి కిడ్నీ, నా ఎడమ కన్ను

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగున్నాను. చివర్లో ఏమవుతుందోనని గుండె పట్టుకుని చదవాల్సిన పని లేదు. పుట్టుకతో వచ్చిన రెండు కిడ్నీలూ పాడైతే, మా చెల్లెలు ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నదాన్ని. ఎడమ కన్ను పోబోయి ఆగింది. ఇదంతా నా చేత్తో నేనే, కిటికీ పక్కన కూర్చుని, అద్దాలు పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది కంటి తప్పు కాదు, నా రాత చిన్నప్పటి నుంచీ అంతే.

హైదరాబాదులో కంటి డాక్టరమ్మ గది ముందు కూర్చున్నప్పుడల్లా నాలాంటివాళ్ళు ఎవరో ఒకరు పక్కన చేరి, మీకెట్లా మొదలైందని అడుగుతారు. నేను మొదలుపెట్టానంటే లోపలికి పిలిచేదాకా ఆపను. మా ఆయన విని విని విసిగిపోయి, ఒకసారి రాసి పెట్టు, అడిగినవాళ్ళకల్లా ఇద్దాం, నా చెవులకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది అన్నాడు. ఆయన మాట విని నేను ఒక పని చేయడం ఇదే మొదటిసారి.

మాది నంద్యాల. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం ఊరూరి నుంచి వచ్చే పిల్లలకు మెస్ నడుపుతాం, నేనూ మా ఆయనా. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, చారు. పరీక్ష పాసైన పిల్లలు స్వీటు డబ్బాతో వస్తారు, ఫెయిలైన పిల్లలు ఇంకో ఏడాది మా పప్పు తింటారు. ఎటు చూసినా మాకు లాభమే. మా చెల్లెలు రత్న ఉండేది ఆళ్ళగడ్డలో. అక్కడ బ్లౌజులు కుట్టే అంగడి ఉంది దానికి. అంగడిని ఆనుకునే శిల్పాలు చెక్కే షెడ్డు ఉంది కాబట్టి, అది ఫోన్ చేస్తే ముందు ఉలి చప్పుడు వినిపిస్తుంది, తర్వాత దాని గొంతు.

కిడ్నీ ఇచ్చిన నాటి నుంచి రత్న నన్ను ఎట్లున్నావని అడగడం మానేసింది. "నా కిడ్నీ ఎట్లుందక్కా?" అనే అడిగేది. నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా, ఉప్పు తగ్గించావా, మాత్రలు వేళకు మింగావా అని వరసగా ప్రశ్నలు. ఇల్లు అద్దెకిచ్చి, గోడలకు మేకులు కొట్టారేమోనని చూసిపోయే ఇంటావిడ మాదిరి. నేనూ తగ్గేదాన్ని కాదు, నీ కిడ్నీ నీ మాదిరే మొండిది, నాతో మాట్లాడటం లేదు అనేదాన్ని. మేమిద్దరం ప్రేమగా మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. పోట్లాటలోనే అన్నీ నడిచిపోతాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వేరే మనిషి కిడ్నీ ఒంట్లో పెడితే, ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి తరిమేయాలని చూస్తుంది. అట్లా తరమకుండా రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలాను తగ్గిస్తాయి. కాపలా తగ్గితే, మామూలు మనుషుల దగ్గరికి రావడానికి భయపడే జబ్బులు మా దగ్గరికి ధైర్యంగా వస్తాయి. ఇది ఆపరేషన్‌కు ముందే డాక్టర్లు చెప్పారు. దగ్గు, జ్వరం, మూత్రంలో మంట, వీటికి నేను సిద్ధంగానే ఉన్నాను. కన్ను సంగతి నా మనసులోకే రాలేదు.

*

ఆషాఢం చివర్లో మెస్‌కు బియ్యం బస్తాలు దిగాయి. ఒకటి విప్పి చేటలో పోసి చూస్తే పురుగులు. నల్లగా, సన్నగా, చూపు నిలపగానే పక్కకు జరిగిపోతున్నాయి. మెస్ నడిపేవాళ్ళకు అంతకంటే తలవంపులు లేవు. అన్నంలో పురుగు వచ్చిందని ఒక్క పిల్లోడు ఫోటో తీసి పెట్టాడంటే మా పొయ్యి ఆరిపోయినట్టే. బియ్యం అంగడి బాషాకు ఫోన్ చేసి, అనాల్సినవన్నీ అని, బస్తాలు వెనక్కి పంపాను.

అతను మారు మాట్లాడకుండా వేరే బస్తాలు పంపాడు. వాటిలోనూ ఉన్నాయి. మా ఆయన్ని పిలిచి చూపిస్తే ఏమీ లేవన్నాడు. వంటలో సాయం చేసే ఈరమ్మను పిలిస్తే, ఆమె చేటను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి, లేవమ్మా అంది. ఇద్దరికీ కళ్ళు పోయాయని తీర్మానించాను. ఆ మాట పైకి కూడా అన్నాను. బియ్యమంతా మిద్దె మీద ఎండకు పోయించి, వేపాకు వేయించి, జల్లెడ పట్టించాను. కింద పడింది కాస్త తవుడు. ఈరమ్మ ఆ సాయంత్రం నాతో మాట్లాడకుండానే ఇంటికి పోయింది. నేను ఆ బస్తాలు కూడా వెనక్కి పంపేశాను.

అప్పుడు బాషా ఆ బస్తాలు తిరిగి వేసుకుని తానే వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా మాకు బియ్యం వేస్తున్న మనిషి, ఎవరి దగ్గరా మాట పడినవాడు కాదు. వసారాలో తెల్ల టవలు పరిచి, దాని మీద దోసెడు బియ్యం పోసి, ఏదీ చూపించమన్నాడు. నేను వేలు పెట్టాను. వేలు పెట్టేసరికి పురుగు జరిగింది. దాని వెంట నేనూ వేలు జరిపాను. అది బియ్యం దాటింది, టవలు అంచు దాటింది, ఎదురుగా కూర్చున్న బాషా తెల్ల చొక్కా మీదికి ఎక్కింది.

"నీ అంగీ మీదికి గూడా ఎక్కినాయి చూడప్పా," అంటూ అతని భుజం మీద దులపబోయాను.

బాషా తన చొక్కా చూసుకున్నాడు. తర్వాత మా ఆయన ముఖం చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, ఆ గోడ మీద గూడా ఉండాయా?" అని మెల్లిగా అడిగాడు.

కొత్తగా సున్నం కొట్టిన గోడ. దాని మీదా ఉన్నాయి. తలెత్తి ఆకాశం చూశాను, అక్కడా ఉన్నాయి. కుడి కన్ను మూసి చూస్తే ఉన్నాయి. ఎడమ కన్ను మూసి చూస్తే ఒక్కటీ లేదు. టవలు మీద బియ్యం కడిగిపెట్టినంత శుభ్రంగా ఉంది.

నిజం చెప్పాలంటే ఆ నిమిషాన నాకు భయం వేయలేదు, సిగ్గేసింది. ఊరంతా కళ్ళు లేనివాళ్ళని తిట్టింది నేను, కళ్ళు చూపించుకోవాల్సింది నేను. బాషా ఒక్క మాట ఎత్తిపొడవలేదు. బస్తాలు మళ్ళీ లోపల వేయించి, డాక్టరుకు చూపించుకోమని చెప్పి పోయాడు. సాయంత్రం ఈరమ్మకు పూలు కొనిచ్చి రాజీ చేసుకున్నాను.

ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాల్సింది. పోలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. నొప్పే లేనిది జబ్బెట్లా అవుతుంది, వేడి చేసి ఉంటుంది అనుకున్నాను. పక్కింటివాళ్ళ పెరట్లోని నందివర్ధనం పూలు తెప్పించి కళ్ళ మీద పెట్టుకుని పడుకునేదాన్ని. చల్లగా, హాయిగా ఉండేది. నల్ల చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే. తర్వాత కంటి మూలల్లో మెరుపులు మొదలయ్యాయి. శ్రావణం సగానికి వచ్చేసరికి ఎడమ కంటికి పొగ కమ్మింది.

నాలాగా కిడ్నీ మార్చుకున్నవాళ్ళూ, వేరే ఏ జబ్బుకైనా ఒంటి కాపలా తగ్గించే మందులు వాడేవాళ్ళూ ఈ ముక్క రెండుసార్లు చదవండి. కంట్లో నల్ల చుక్కలు తేలినా, మెరుపులు కనపడినా, ఒక పక్క మసకబారినా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోండి. నొప్పి లేదని ఊరుకోవద్దు. ఈ జబ్బు చప్పుడు చేయకుండా పని చేసుకుపోతుంది.

*

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వడ్డిస్తూ ఒక పిల్లోడికి గరిటెడు పప్పు పళ్ళెంలో కాక, పళ్ళెం పక్కన బల్ల మీద పోశాను. ఆ పిల్లోడు పళ్ళెం జరుపుకుంటూ, ఆంటీ ఈ రోజు బల్లకు గూడా ఆకలైనట్టుంది అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. వడ్డన ఈరమ్మకు అప్పజెప్పి, నన్ను ఉన్న చీరతోనే స్కూటర్ ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ ఉన్నది చిన్న వయసు డాక్టరు. కంట్లో మందు చుక్కలు వేసి, కాసేపయ్యాక లైటు పెట్టి చాలాసేపు చూశాడు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే సంచిలోంచి నా మాత్రల డబ్బా తీసి ఇచ్చాను. అది తెరిచి చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. కంటి లోపల తెర ఉంటుందట, బొమ్మ పడేది దాని మీదే. ఆ తెరకు వైరస్ పట్టింది. మామూలుగా చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా పడి ఉండే వైరసే, కాపలా తగ్గితే లేస్తుంది. అంచు నుంచి కాగితం కాలుకుంటూ వచ్చినట్టు లోపలికి వస్తోంది, నడిమికి వచ్చిందంటే చూపు తిరిగి రాదు, రెండో కంటికీ పాకొచ్చు. ఇవన్నీ ఆయన నెమ్మదిగా, నా చేయి పట్టుకుని చెప్పాడు. మేము అక్కడ కూర్చుని ఉండగానే హైదరాబాదుకు తానే ఫోన్ చేసి, మర్నాటికి మాకు సమయం తీసుకున్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ, ఆయన పిల్లలు చల్లగా ఉండాలి.

బయటికి వచ్చాక ఎండ కళ్ళలో గుచ్చుకుంది. మా ఆయన తన టవలు నా తల మీద కప్పి, ఏం కాదులే అన్నాడు. అట్లా అంటూ స్కూటర్ తాళం రెండుసార్లు కింద పడేశాడు.

*

హైదరాబాదులో నన్ను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కంటి డాక్టరమ్మ, కిడ్నీ డాక్టరు ఇద్దరూ ఒకే మాట చెప్పారు. నాకు వచ్చిన చిక్కంతా అక్కడే. వైరస్‌కు మందు సెలైన్‌లో ఎక్కిస్తారు, కంట్లోకి సూది కూడా వేస్తారు. అది చాలదు. ఒంట్లో కాపలా కాస్త పెంచాలి, అంటే కిడ్నీ కోసం మింగే మాత్రలు తగ్గించాలి. తగ్గిస్తే కిడ్నీ తిరగబడే ప్రమాదం ఉంది. రక్తపరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటామని కిడ్నీ డాక్టరు ధైర్యం చెప్పాడు.

మా చెల్లెల్ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా తగ్గించనన్నాను.

డాక్టరుకు అర్థం కాలేదు. అమ్మా, అది ఇప్పుడు మీ కిడ్నీనే కదా అన్నాడు. ఆయనకు ఎట్లా చెప్పేది? మా పక్క ఎవరి వస్తువైనా తెచ్చుకుంటే, దానికి దెబ్బ తగిలే పని పెట్టుకునే ముందు ఇచ్చినవాళ్ళ చెవిన ఒక మాట వేయడం మర్యాద. పెళ్ళికి అడిగి తెచ్చుకున్న గంగాళానికైనా అంతే. ఇది గంగాళం కాదు. అత్తగారింట్లో ఒక్కరికీ ఇష్టం లేకపోయినా, అందరినీ ఎదిరించి, రత్న తన కడుపు కోయించుకుని ఇచ్చింది. నా కన్ను కోసమని దాన్ని ప్రమాదంలో పెట్టే హక్కు నాకు ఎక్కడిది? నాకు ఇంకో కన్ను ఉంది కదా అని వాదించాను.

మా ఆయనకు కోపం నషాళానికి అంటింది. రెండో కన్ను గూడా పోతే అప్పుడు ఎవరిని అడుగుతావని వార్డంతా వినపడేట్టు అరిచాడు. నర్సు వచ్చి బయటికి పంపించింది. ఆయన మెట్ల మీద కూర్చుని రత్నకు ఫోన్ చేశాడట. నాకు ఆ సంగతి చెప్పలేదు. ఆ రోజంతా మేము మాట్లాడుకోలేదు, నేను అన్నం తిన్నానో లేదో మాత్రం నర్సు ద్వారా కనుక్కున్నాడు.

మర్నాడు రత్న దిగింది. భుజానికి సంచి, మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతూ ఉంది. నా ముఖం కూడా సరిగ్గా చూడకుండా మొదలుపెట్టింది.

"ఏందక్కా, నన్ను అడగాలన్నావంట. నీ ఒంట్లో ఉండే దానికి నన్ను అడిగేదేంది?"

అది పోతే మళ్ళీ రాదు కదే అన్నాను.

"పోతే పోతాది. నేనిచ్చింది నువ్వు బతికి తిరుగుతావని. దేవుని గదిలో పెట్టి మొక్కుతావని గాదు. ఈ పొద్దు నుంచి అది నీది. నాదని నేను గూడా అనను."

అని, నర్సును పిలిచి, మా అక్క ఒప్పుకుంది, రాసుకోండమ్మా అంది. నేను ఒప్పుకున్నానో లేదో ఎవరూ అడగలేదు. పక్క మంచం ఆమె చప్పట్లు కొట్టింది. నేను ఏడుస్తూ నవ్వాను. ఆ పూటే మాత్రలు తగ్గించారు.

తర్వాత రత్న, నీ డాక్టరుతో నేను గూడా ఒకసారి మాట్లాడి వస్తానని కిడ్నీ డాక్టరు గదికి పోయింది. చాలాసేపటికి వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, పైట తడిగా ఉంది. ఏమన్నాడే అంటే, ఏముంది, బాగైతాది అన్నాడు అంది. బస్సుకు పొద్దుపోతుందని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు ఉన్న నోరు పోయేటప్పుడు లేదు. కిడ్నీ నిజంగా పోవచ్చని డాక్టరు చెప్పి ఉంటాడు, అందుకే కుంగిపోయింది అనుకున్నాను.

*

భాద్రపదం, ఆశ్వయుజం అంతా నంద్యాలకూ హైదరాబాదుకూ మధ్య బస్సుల్లోనే గడిచింది. కంట్లో సూది అన్న మాట వినగానే మీ కళ్ళు మూసుకుపోయి ఉంటాయి. నావీ మూసుకుపోయాయి. తీరా వేయించుకున్నాక తెలిసింది, భయం బండెడు, నొప్పి చిటికెడు. చుక్కలు వేసి మొద్దుబారుస్తారు, ఏదో ఒత్తినట్టు అనిపిస్తుంది, అయిపోతుంది.

సూది వేసే గది ముందు వరండా నాకు భలే నచ్చేది. అందరికీ చుక్కలు వేసి కూర్చోబెడతారు కాబట్టి ఎవరికీ ఏదీ తిన్నగా కనపడదు. ఫోన్ చూడలేరు, పేపరు చదవలేరు, గోడ మీద వెలిగే నంబరు తెలియదు. ఇంక మిగిలేది మాటలే. కోటీశ్వరుడైనా, కూలివాడైనా పక్క మనిషిని ఏ నంబరు పిలిచారని అడగాల్సిందే. మొదటి రోజు నేను బాత్రూము యాడుందని అడిగానో లేదో, పక్క నుంచి ఒక గొంతు, మీది మా పక్క మాదిరుండాదే అంది. ఆమెది మా పక్కనే జూపాడు బంగ్లా అనే ఊరు, అత్తను తీసుకుని వచ్చింది. బయటి తిండి తినకూడదని నేను ఆమె ఇచ్చిన చెక్కిలాలు వద్దంటే చిన్నబుచ్చుకోలేదు. తొక్క తీసుకుని తినేదైతే తినొచ్చు గదా అని తన సంచి వెతికి కమలాపండు చేతిలో పెట్టింది. సూది గది తలుపు దాకా నా చేయి పట్టుకుని నడిపించింది, దారిపొడుగునా తనకు తెలిసిన దేవుళ్ళందరికీ నా పేరు చెప్పింది. తర్వాత ఎప్పుడు పోయినా ఆమె కోసమే ముందు వెతికేదాన్ని.

మెస్ మూసేద్దామని మా ఆయన అంటే నేను ఒప్పుకోలేదు. దాంతో వంట ఆయన మీద పడింది. ఈరమ్మ చెప్పినట్టు చేస్తే సరిపోయేది, ఆయన చేయడు. సాంబారేదో చారేదో తెలియక పిల్లలు రోజూ పందెం వేసుకునేవాళ్ళట. ఒక్కరు కూడా నాతో అనలేదు, అంకుల్ బాగా చేస్తున్నాడు ఆంటీ అనేవాళ్ళు. ఇంతగా అబద్ధమాడగల పిల్లలకు బ్యాంకులో ఉద్యోగం ఎట్లా ఇస్తారో అని తర్వాత తెలిసి నవ్వుకున్నాను. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆంటీ గది వైపు రాకూడదని వాళ్ళే అట్టముక్క మీద రాసి మెట్ల దగ్గర కట్టారు. తుమ్మినవాణ్ణి వీధి దాకా తరిమేవాళ్ళు.

పగలు ఇట్లా నవ్వుతూ గడిచిపోయేది. పొద్దున లేవగానే మాత్రం రెండో కంటికీ పాకిందేమోనని భయం. ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడి కంటితో ఎదురుగా క్యాలెండర్ చూసేదాన్ని. దాని మీద ఒక్క నల్ల చుక్క కనపడినా నా పని అయిపోయినట్టే. తారీకులన్నీ స్పష్టంగా కనపడితే, అప్పుడు కాళ్ళు కింద పెట్టేదాన్ని.

రత్న దగ్గర నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తేది, ఊ కొట్టేది. దాని మాటల కంటే ఉలి చప్పుడే ఎక్కువ వినపడేది. దసరాకు రమ్మంటే పని ఉందంది. ఆ తర్వాత ఒక రక్తపరీక్షలో కిడ్నీ అంకె, అదే క్రియాటినిన్, కాస్త ఎక్కింది. అది ఎక్కితే కిడ్నీ దెబ్బ తింటోందేమోనని అనుమానం. డాక్టరు మళ్ళీ చేయించమన్నాడు. మా ఆయన ముఖం పాలిపోయింది. నేను రత్నకు చెప్పాలనుకుని ఫోన్ చేశాను. విన్నది. "సరేలే అక్కా," అని పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీది అని గొప్పగా చెప్పి, లోపల ఏడుస్తూ కూర్చుందని తిట్టుకున్నాను. మా ఆయన, ఇచ్చిన మనిషికి ఉండదా బాధ, వదిలేయమన్నాడు. వదిలేయడం నాకు చేతకాదు. కన్ను దక్కి కిడ్నీ పోతే దాని ముఖం ఎట్లా చూసేది అని ఆ వారమంతా ఏడ్చాను. మళ్ళీ చేయించిన పరీక్షలో అంకె దిగింది, తర్వాత ఇంకాస్త దిగింది. ఆ కాగితం చూసి మా ఆయన చారు పొయ్యి మీద ఉందన్న సంగతి మరిచిపోయాడు. ఆ రోజు మాడిన చారును పిల్లలు సాంబారు అనుకుని తిన్నారు.

*

మార్గశిరంలో ఇద్దరు డాక్టర్లూ ఒకే రోజు చూశారు. కంటి డాక్టరమ్మ లైటు ఆర్పి, మాస్కు ఉన్నా తెలిసేంతగా నవ్వింది. మంట ఆగిపోయింది, నడిమి దాకా రాలేదు. ఎడమ కంట్లో ఎడమ చివర కాలిపోయినంత మేర చూపు ఇంక రాదు, ఆ మూల ఎవరు నిలబడినా నాకు తెలియదు. మిగతాదంతా నాదే. కుడి కంటిని అది తాకనే లేదు. కనిపెట్టుకుని ఉండాలి, పిలిచినప్పుడల్లా రావాలి అంది. రమ్మంటే రోజూ వస్తానన్నాను. కిడ్నీ డాక్టరు, తగ్గించిన మాత్రలతోనే కిడ్నీ చక్కగా పని చేస్తోందన్నాడు. మా ఆయన ఇద్దరికీ చేతులెత్తి దండం పెట్టి, బయటికి వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉన్నాను.

మర్నాడే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. మంచి మాట చెప్పడానికి కాదు, పోట్లాడటానికి. ఇన్ని నెలలు అక్కను పలకరించకుండా ఉండేంత బాధ ఉంటే ఇచ్చేదెందుకు అని అడిగేయాలనే పోయాను. దారంతా మాటలు పేర్చుకున్నాను.

రత్న మిషను ముందు ఉంది. నన్ను చూసి లేవలేదు, నా కళ్ళ వైపు చూసింది, ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. కన్ను నిలబడిందే అన్నాను.

"నువ్వు అడక్కున్నా చెప్తాండా, కిడ్నీ గూడా బాగుండాది," అన్నాను కసిగా.

అది తల మిషను మీద వాల్చి ఏడ్చేసింది. కిడ్నీ ఇచ్చిన రోజు కంట తడి పెట్టని మనిషి. కుట్లు తీసేటప్పుడు నర్సుతో జోకులేసిన మనిషి. బ్లౌజు తీసుకుపోవడానికి వచ్చిన ఒకామె గడప దగ్గరే ఆగి, తర్వాత వస్తానని వెనక్కి తిరిగిపోయింది.

"ఆ వైరస్ నాదేనంటక్కా," అంది ఏడుపులోనే. "ఆ పొద్దు డాక్టర్ని అడిగినా, యాడి నుంచి వచ్చిందని. నీలో ఉండేదే లేచిండొచ్చు, లేకుంటే కిడ్నీతో పాటు వచ్చిండొచ్చు, తెల్దు అన్నాడు. నాకు తెలుసు. నాదే. నీ కన్ను నేనే తీసినా. ఇంగ ఏ ముఖం పెట్టుకుని నీకు ఫోన్ చేసేది?"

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. ఇన్ని నెలలుగా నేను దాని కిడ్నీ కోసం ఏడుస్తుంటే, అది నా కన్ను కోసం ఏడుస్తూ ఉంది. స్టూలు లాక్కుని దాని పక్కన కూర్చున్నాను. మెడలోని టేపు తీసి పక్కన పెట్టి, ముఖం నా వైపు తిప్పుకున్నాను.

"మే పిచ్చిదానా, పుట్టింటి నుంచి సారె వస్తే అరిసెల బుట్టలో నాలుగు చీమలు గూడా వస్తాయి. చీమలొచ్చినాయని సారెను ఎవురన్నా వద్దంటారా?"

రత్న నన్ను చూసింది. నవ్వు ముందు వచ్చిందో, ఏడుపు ముందు వచ్చిందో నాకు తెలియలేదు. నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది, నొప్పి పుట్టేట్టుగా. తర్వాత లేచి షట్టర్ సగం దించి, క్యారియర్ విప్పింది. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని తానే ముందు రుచి చూసి నా పళ్ళెంలో పెట్టింది.

తినేటప్పుడు అది నా ఎడమ పక్కన కూర్చుంది. ఆ పక్క నాకు కనపడదని దానికి ఇంకా చెప్పలేదు. చెప్తే జరిగి కూర్చుంటుంది. అందుకని ముద్ద ముద్దకూ మెడ తిప్పి, నా చెల్లెల్ని చూసుకుంటూ తిన్నాను.